కత్తెర తాకని నవ్వులు

1990వ సంవత్సరం ఏప్రిల్ 30వ తేదీ రాత్రి అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ ఒక పాత నలుపు తెలుపుల హాస్య నాటికను ప్రసారం చేసింది. అది ముప్ఫయి తొమ్మిదేళ్ళ కిందట తీసినది. అయినా అంతకు ముందు ఒక్కసారి కూడా ప్రసారానికి నోచుకోలేదు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ‘ఐ లవ్ లూసీ’ ధారావాహికకు అది తొలి నమూనా. 1951 మార్చిలో నటి లూసిల్ బాల్, ఆమె భర్త డెసి ఆర్నాజ్ కలిసి ప్రాయోజకులకు చూపడం కోసం దానిని తయారుచేశారు. అప్పటికి లూసిల్ నిండు గర్భవతి కాబోతున్నది. పెపీటో అనే సర్కసు విదూషకుడు ఆమెకు కొన్ని హాస్య విన్యాసాలు నేర్పాడు. అందుకు కృతజ్ఞతగా ఆ దంపతులు ఫిల్ము ప్రతి ఒకటి ఆయనకు కానుకగా ఇచ్చారు.

కాలక్రమంలో స్టూడియోవారి వద్ద ఉండవలసిన ప్రతి కనిపించకుండా పోయింది. అది శాశ్వతంగా నశించిందనే అందరూ అనుకున్నారు. కాని విదూషకుని ఇంట, ఆయన మరణానంతరం కూడా, ఆయన భార్య ఆ డబ్బాను భద్రంగా దాచింది. అది వెలుగు చూసి జనం ముందుకు వచ్చేనాటికి లూసిల్ బాల్ కన్నుమూసి ఏడాది దాటింది. డెసి అంతకు ముందే, 1986లో, మరణించాడు. కోట్ల రూపాయల వ్యాపారం నడిపే సంస్థలు పోగొట్టుకున్న దానిని ఒక ఇల్లాలు కాపాడింది.

పాత టెలివిజన్ హాస్య ధారావాహికలను ఒక్క భాగం తప్పిపోకుండా, ఒక్క నిమిషం కత్తిరింపుకు గురికాకుండా ఇంట నిలవ చేసుకోవాలని తపించేవారు అమెరికాలో, ఇంగ్లండులో ఎందరో ఉన్నారు. చూసేవారికి ఇదొక పిచ్చిగా తోచవచ్చు. ఎప్పుడో నవ్విన నవ్వుల కోసం ఇంత ప్రయాస ఏమిటని ఎవరైనా అడగవచ్చు. కాని ఆ నవ్వులు ఎలా పోయాయో, ఎవరి చేతిలో ఎన్ని ముక్కలయ్యాయో తెలిసినవారు ఆ ప్రశ్న అడగరు.

ఫిల్ము కోసం జీతం వదులుకున్నారు

టెలివిజన్ పుట్టిన కొత్తలో కార్యక్రమాలన్నీ నాటకాల వలె అప్పటికప్పుడు ఆడి, అప్పటికప్పుడే ప్రసారమయ్యేవి. తెర పడితే ఆట ముగిసినట్లే. దూరపు నగరాల కోసం టెలివిజన్ తెర ఎదుట సినిమా కెమెరా నిలిపి ఆ బొమ్మను ఫిల్ము మీదికి ఎక్కించేవారు. కినెస్కోప్ అనే ఈ ప్రతులు మసకగా, వెలవెలబోతూ ఉండేవి. పని తీరగానే వాటిని పారవేసేవారు. అమెరికాలో తొలి టెలివిజన్ హాస్య ధారావాహికగా చెప్పుకునే, 1947లో మొదలైన ‘మేరీ కే అండ్ జానీ’లో నేడు దాదాపు ఏమీ మిగలలేదు. దానిని తొలుత ప్రసారం చేసిన డ్యూమాంట్ సంస్థ 1950ల నడుమ మూతపడింది. ఆ సంస్థ ప్రతులను 1970లలో న్యూయార్కు రేవు నీళ్ళలో గుమ్మరించారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో అమెరికా జాతీయ గ్రంథాలయం జరిపిన విచారణలో సాక్ష్యం చెప్పింది.

ఈ నేపథ్యంలో లూసిల్ దంపతుల నిర్ణయం గమనించదగినది. కార్యక్రమాన్ని న్యూయార్కు నుంచి ప్రత్యక్షంగా ఆడాలని ప్రాయోజకులు పట్టుబట్టారు. హాలీవుడ్ విడిచి రాము, కావాలంటే మంచి సినిమా ఫిల్ము మీదనే తీసి ఇస్తాము అన్నారు దంపతులు. అందుకు ఖర్చు పెరుగుతుంది గనుక తమ జీతం కొంత తగ్గించుకున్నారు. బదులుగా ఫిల్ములపై యాజమాన్యం తమకే ఉండాలని కోరారు. ఆ పాత ఫిల్ములతో మున్ముందు ఏం పని ఉంటుందని కాబోలు, సంస్థవారు సరేనన్నారు. జర్మనీలో ‘మెట్రోపాలిస్’ చిత్రానికి కెమెరా నడిపిన కార్ల్ ఫ్రాయిండ్ వచ్చి, హాలులో ప్రేక్షకులను కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఏకకాలంలో చిత్రీకరించే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1951 అక్టోబరు 15న మొదలై 1957 మే వరకు 180 భాగాలు సాగిన ఆ ధారావాహిక అందువల్లనే నేటికీ నిన్న తీసినంత స్పష్టంగా ఉన్నది.

మరొక ప్రముఖ ధారావాహిక ‘ది హనీమూనర్స్’ కథ ఇంతకంటె చిత్రమైనది. బస్సు డ్రైవరు ర్యాల్ఫ్, అతని భార్య ఆలిస్, మురుగు కాలువల్లో పనిచేసే పొరుగు నేస్తం నార్టన్ అందులోని పాత్రలు. 1955–56లో ఫిల్ము మీద తీసిన 39 భాగాలే లోకానికి తెలుసు. మూడు దశాబ్దాల పాటు వాటినే తిప్పి తిప్పి వేశారు. అయితే ఆ పాత్రలతో జాకీ గ్లీసన్ అంతకు ముందూ ఆ తరువాతా తన వారపు కార్యక్రమంలో ఎన్నో ప్రత్యక్ష నాటికలు ఆడాడు. వాటి కినెస్కోప్ ప్రతులను ఆయన తన సొంత భోషాణంలో దాచుకున్నాడు. 1985లో ఆయన వాటిని బయట పెట్టినప్పుడు అభిమానులకు నిక్షేపం దొరికినట్లయింది. రెండేళ్ళకే ఆయన మరణించాడు.

చెరిపివేసిన నవ్వులు

ఇంగ్లండులో నష్టం మరింత దారుణం. 1956లో వీడియో టేపు వచ్చింది. రెండు అంగుళాల వెడల్పుతో పెద్ద చక్రం వలె ఉండే ఆ టేపు ఖరీదు చాలా ఎక్కువ. కాని దానిని తుడిచి మళ్ళీ వాడుకోవచ్చు. నటుల సంఘాలతో కుదిరిన ఒప్పందాల వల్ల ఒక కార్యక్రమాన్ని పునఃప్రసారం చేయడానికి పరిమితులు ఉండేవి. 1960ల చివర రంగుల టెలివిజన్ రాగానే నలుపు తెలుపుల కార్యక్రమాలకు గిరాకీ పడిపోయింది. మళ్ళీ వేయడానికి వీలులేని కార్యక్రమాన్ని, అమ్ముడుపోని సరుకును ఖరీదైన టేపు మీద ఎందుకు ఉంచడం? ఈ లెక్కతోనే బి.బి.సి. గుమాస్తాలు ఒక్కొక్క టేపునే తుడుస్తూ పోయారు. వారిలో దుర్బుద్ధి ఏమీ లేదు. పొదుపు మాత్రమే ఉన్నది. 1978 ప్రాంతంలో గాని ఆ సంస్థ కార్యక్రమాలను భద్రపరచే విధానాన్ని చేపట్టలేదు.

‘డాడ్స్ ఆర్మీ’ అనే ధారావాహిక ఇందుకు నిదర్శనం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఊరిని కాపాడడానికి తుపాకులు పట్టిన ముసలి స్వచ్ఛంద సైనికుల కథ అది. 1968 నుంచి 1977 వరకు 80 భాగాలు వచ్చాయి. 1969లో ప్రసారమైన రెండవ విడతలో ఆరు భాగాలుండగా అయిదు చెరిగిపోయాయి. 2001లో తుప్పు పట్టిన డబ్బాలలో రెండు భాగాల ఫిల్ము ప్రతులు బయటపడ్డాయి. అవి ఎన్నో ఏళ్ళు ఒక ఇంటి తోటలోని షెడ్డులో పడి ఉన్నాయి! మిగిలిన మూడింటిలో ఒకదానికి శబ్దం మాత్రం దొరికింది. 2016లో దానికి బొమ్మల చిత్రం జతచేశారు. ఆ మూడు భాగాలను 2019లో కొత్త నటులతో తిరిగి తీశారు. అయినా అసలు అసలే కదా!

ఇదే ధారావాహికలో 1969లో రంగులలో తీసిన మరొక భాగం నలుపు తెలుపుల ఫిల్ము ప్రతిగా మాత్రమే మిగిలింది. రంగుల సంకేతం ఆ ఫిల్ము మీద కంటికి ఆనీ ఆనని సన్నని చుక్కలుగా అచ్చుపడి ఉన్నదని సాంకేతిక నిపుణులు గమనించారు. ఒకప్పుడు ఆ చుక్కలను లోపంగా భావించి వడగట్టివేసేవారు. కంప్యూటరు సాయంతో ఆ చుక్కలను చదివి అసలు రంగులను తిరిగి రాబట్టారు. 2008 డిసెంబరులో ఆ భాగం మళ్ళీ రంగులలో ప్రసారమైంది.

‘స్టెప్టో అండ్ సన్’ విషయంలో రచయితలే ఆదుకున్నారు. పాత సామాను ఏరుకునే తండ్రీ కొడుకుల కథ అది. 1970లో రంగులలో ప్రసారమైన భాగాలలో చాలావరకు, రచయితలు గాల్టన్, సింప్సన్ తమ వద్ద ఉంచుకున్న నలుపు తెలుపుల టేపు ప్రతులుగా మాత్రమే మిగిలాయి. రంగు పోయినా నవ్వు దక్కింది.

మూడు నిమిషాల కత్తెర

చెరిపివేయడం ఒక ప్రమాదమైతే, కత్తిరించడం మరొకటి. మొదటిదానికంటె ఇది మోసకారి. ఎందుకంటే పోయినదని చూసేవాడికి తెలియదు.

అర్ధగంట కార్యక్రమంలో 1950లలో అసలు కథ ఇంచుమించు 26 నిమిషాలు నడిచేది. మిగిలినది వాణిజ్య ప్రకటనల కాలం. ప్రకటనలు పెరిగినకొద్దీ కథ కుదించుకుపోయి 22 నిమిషాలకు దిగింది. కొత్త కథలను ఆ కొలతకే రాస్తారు. మరి పాతవాటిని ఏం చేయాలి? పునఃప్రసారం చేసే స్టేషన్లు మూడు నాలుగు నిమిషాలు తీసివేస్తాయి. లేదా చెవికి పట్టుబడనంతగా వేగం పెంచి ఆడిస్తాయి.

ఏ మూడు నిమిషాలు తీయాలో నిర్ణయించేవాడు కథాగమనానికి అడ్డు రానివి వెదుకుతాడు. చివరి చిన్న సన్నివేశం, గుమ్మం దగ్గర రెండు మాటలు, నటుడు మాట్లాడకుండా ఊరికే చూసే ఒక చూపు — ఇవే అతని కత్తెరకు దొరుకుతాయి. కాని హాస్యంలో ప్రాణమంతా వాటిలోనే ఉంటుంది. మొదటి రంగంలో నాటిన బీజమే చివరి రంగంలో నవ్వై మొలకెత్తుతుంది. బీజాన్ని పీకివేసి మొక్కను మాత్రం ఉంచితే హాలులోని ప్రేక్షకులు ఎందుకు పగలబడి నవ్వుతున్నారో ఇంట్లో కూర్చున్నవాడికి అంతుపట్టదు. సరిగా రాయలేదేమోనని రచయితను తప్పుపడతాడు.

‘ఐ లవ్ లూసీ’ని కూడా ఈ మార్పులు విడువలేదు. తొలి ప్రసారాలలో ప్రాయోజకుడైన సిగరెట్ల కంపెనీ పెట్టె చుట్టూ లూసీ దంపతుల కార్టూను బొమ్మలు ఆడుతూ పాడుతూ కనిపించేవి. పునఃప్రసారాలలో వాటిని తీసివేసి పట్టుబట్ట మీద హృదయం గుర్తును పెట్టారు. తరతరాల ప్రేక్షకులు ఆ హృదయమే అసలు ముఖపత్రమని నమ్మారు.

పాట తెచ్చిన పాట్లు

1978 నుంచి 1982 వరకు 90 భాగాలుగా వచ్చిన ‘డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటీ’ ఒక రేడియో స్టేషను కథ. రేడియో స్టేషనులో పాటలు మోగక తప్పదు. ఆనాటి ప్రసిద్ధ గాయకుల అసలు రికార్డులనే అందులో వినిపించారు. ఫిల్ము మీద కంటె వీడియో టేపు మీద తీస్తే పాటల హక్కులు చౌకగా వచ్చేవి. అందుకే దానిని టేపు మీద తీశారు. అయితే ఆ హక్కులు పరిమిత కాలానికి, ప్రసారానికి మాత్రమే. జనం కార్యక్రమాలను కొనుక్కుని ఇళ్ళలో దాచుకుంటారని ఒప్పందం రాసినవారు కలగనలేదు.

గడువు తీరగానే పాటల స్థానంలో ఊరూ పేరూ లేని సంగీతం చేరింది. పాట మీద మాటలు పడినచోట, పాటను విడదీయడం సాధ్యం కాక, మాటలనే వేరే గొంతులతో తిరిగి చెప్పించారు. 2007లో మొదటి విడత డిస్కుల మీద వచ్చినప్పుడు చాలా పాటలు మారిపోయి, కొన్ని సన్నివేశాలు ఎగిరిపోయి ఉన్నాయి. అభిమానులు నిరసించారు. 2014లో షౌట్ ఫ్యాక్టరీ అనే సంస్థ హక్కుదారులతో ఓపికగా బేరమాడి, అత్యధిక భాగం అసలు సంగీతంతో మొత్తం ధారావాహికను వెలువరించింది. ఆ ముప్ఫయి యేళ్ళ అంతరంలో అసలు రూపం తెలియాలంటే తొలి ప్రసారాన్ని ఇంట్లో టేపు మీద పట్టుకున్నవారి అల్మరాలే దిక్కు.

దొంగసొత్తా, నిక్షేపమా?

ఇంట్లో ఇలా పట్టుకోవడం ఒకప్పుడు నేరమా కాదా అన్నదే తేలని విషయం. 1975లో సోనీ బీటామాక్స్ యంత్రం, ఆ మరుసటి ఏడు జపానులో వి.హెచ్.ఎస్. యంత్రం వచ్చాయి. సినిమా కంపెనీలు దావా వేశాయి. వీలైనప్పుడు చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం నేరం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు అనుకూలురు అయిదుగురు, ప్రతికూలురు నలుగురు. ఒక్క ఓటు అటు మారి ఉంటే ఎందరి అల్మరాలో ఖాళీ అయ్యేవి.

ఇంగ్లండులో హాస్యనటుడు బాబ్ మాంక్‌హౌస్ సేకర్తల బాధలన్నీ తానొక్కడే పడ్డాడు. ఆయనకు పాత ఫిల్ములు సేకరించడం జీవితకాలపు వ్యసనం. సినిమా పంపిణీదారులను మోసగించాడన్న అభియోగంపై 1979లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో బోనెక్కవలసి వచ్చింది. కేసు నిలవలేదు, న్యాయమూర్తి కొట్టివేశారు. కాని స్వాధీనం చేసుకున్న ఫిల్ములలో ఎన్నో అప్పటికే నాశనమయ్యాయి. అయినా ఆయన సేకరణ మానలేదు. 2003 డిసెంబరులో ఆయన మరణించిన తరువాత కలైడోస్కోప్ అనే టెలివిజన్ చరిత్ర బృందం ఆ వేలాది టేపులను పరిశీలించింది. ఎక్కడా లేవనుకున్న కార్యక్రమాలు వాటిలో కనిపించాయి. ఏ పని చేసినందుకు ఆయనను బోనెక్కించారో, ఆ పనికే తరువాతి తరం చేతులు జోడించింది.

అసలు ప్రతి ఏది?

నేడు నికార్సయిన సేకర్త చేసే పని చూస్తే తెలుగువారికి సి.పి. బ్రౌన్ జ్ఞప్తికి రాక మానడు. వేమన పద్యాల కోసం ఆయన ఎక్కడెక్కడి తాళపత్రాలనో, కాగితపు ప్రతులనో తెప్పించి, పండితుల చేత సరిపోల్పించి, 1829లో అచ్చు వేయించాడు. ఏ ప్రతిలో ఏది తప్పింది, ఏది చేరింది అన్నదే ఆ పనిలో కీలకం. ఇక్కడా అంతే. సేకర్త మొదట కాలం కొలుస్తాడు. 25 నిమిషాలుండవలసిన భాగం 22 నిమిషాలకే ముగిసిందా, కత్తెర పడిందన్నమాట. తరువాత పాత ఇంటి టేపుతో, స్టేషన్లకు పంపిన పదహారు మిల్లీమీటర్ల ప్రతితో పక్కపక్కన పెట్టి చూస్తాడు. డిస్కుల పెట్టె వెనుక చీమ తలకాయలంత అక్షరాలతో, కొన్ని భాగాలు తొలి ప్రసారానికి భిన్నంగా ఉండవచ్చునని వేసే హెచ్చరికను అందరికంటె ముందు అతడే చదువుతాడు.

అతనికి కావలసిన రెండవ గుణం ఓర్పు. 1970–77 నాటి ‘మేరీ టైలర్ మూర్ షో’ మొదటి విడత డిస్కులు 2002లో వచ్చాయి. అమ్మకాలు చాలనందున రెండవదానికి 2005 వరకు, చివరిదైన ఏడవదానికి 2010 వరకు ఆగవలసి వచ్చింది. ‘ఆల్ ఇన్ ది ఫామిలీ’ ఆరు విడతల దగ్గర ఆగిపోగా, 2012లో మరొక సంస్థ పూనుకుని సంపూర్ణం చేసింది. నిరీక్షణకు ప్రతిఫలంగా అరుదైన సదుపాయాలూ దొరికాయి. ‘మ్యాష్’ డిస్కులలో వెనుక నుంచి వినిపించే కృత్రిమ నవ్వులను ఆపివేసి చూడవచ్చు. 2014లో వచ్చిన ‘ఐ లవ్ లూసీ’ మొదటి విడత బ్లూరే డిస్కులలో తొలి ప్రసారపు రూపమే తిరిగి చూడవచ్చు.

మెచ్చని మాటలను ఏం చేయాలి?

సంపూర్ణంగా దాచడమంటే మంచిని మాత్రమే దాచడం కాదు. 1951లో మొదలైన ‘ఏమోస్ అండ్ ఆండీ’ నల్లజాతి వారిని కించపరుస్తున్నదని వారి హక్కుల సంఘం నిరసించింది, 1966లో సి.బి.ఎస్. దానిని పునఃప్రసారం నుంచి ఉపసంహరించింది. ఆ నిరసన న్యాయమైనది. అయితే ఆ భాగాలు సేకర్తల వద్ద మిగలబట్టే, అందులో ఏముండేదో, ప్రతిభావంతులైన నల్లజాతి నటులు ఎటువంటి పాత్రలలో ఇమడవలసి వచ్చిందో నేటి విద్యార్థి కళ్ళారా చూడగలుగుతున్నాడు.

1975 నాటి ‘ఫాల్టీ టవర్స్’లో ఒక ముసలి మేజరు జాతి దూషణలు పలుకుతాడు. 2013లో బి.బి.సి. ఆ మాటలను తొలగించి ప్రసారం చేసింది. 2020 జూన్‌లో ఒక ప్రసార సేవ ఆ భాగాన్నే తీసివేసి, విమర్శలు రేగాక హెచ్చరికతో తిరిగి పెట్టింది. ఆ మేజరు మూర్ఖత్వాన్ని వెక్కిరించడమే తమ ఉద్దేశమని నటుడు జాన్ క్లీజ్ వాదించాడు. ఆ వాదం అందరూ ఒప్పుకోనక్కరలేదు. ఒప్పుకోవడానికైనా కాదనడానికైనా ఆ దృశ్యం ఎక్కడో ఒకచోట యథాతథంగా ఉండాలి.

ఇంటర్నెట్ ద్వారా ఇంటికి వచ్చే ప్రసారాలలో ఈ మార్పులు చడీచప్పుడు లేకుండా జరుగుతాయి. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండకపోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తపాలా ద్వారా డిస్కులు అద్దెకిచ్చే సేవను 2023 సెప్టెంబరుతో ముగించింది. డిస్కులు అమ్మే దుకాణాలూ తగ్గుతున్నాయి. అల్మరాలోని డిస్కుకు బూజు పట్టవచ్చు గాని, దానిని రాత్రికి రాత్రి ఎవరూ వచ్చి దిద్దలేరు.

ఈ ప్రయాస అంతా దేనికోసమో ‘ఐ లవ్ లూసీ’ కత్తిరించని ప్రతిని శ్రద్ధగా వింటే తెలుస్తుంది. చిత్రీకరణ జరిగే హాలులో లూసిల్ తల్లి డీడీ తప్పకుండా కూర్చునేది. కూతురు పోషించే పాత్ర ఏదో చిక్కులో పడబోతున్న క్షణాన, ప్రేక్షకుల నవ్వుల నడుమ నుంచి ఆ తల్లి ‘అయ్యో’ అన్నట్లు చేసే చిన్న శబ్దం ఫిల్ము మీద నమోదయింది. కథకు దానితో పని లేదు. నిమిషాలు లెక్కించి కత్తెర వేసేవానికి అది వినబడదు. ఆమె 1977లో మరణించింది. ఆనాడు ఆ హాలులో నవ్వినవారిలో చాలామంది లేరు. కత్తెర తాకని ప్రతిలో మాత్రం కూతురు నిచ్చెన ఎక్కబోతుంటే తల్లి నేటికీ ఉలిక్కిపడుతూనే ఉన్నది.